ఎవరి అడుగు వారిది: పసిపిల్లల చదువు, వీధిబడి నుండి నేటి వరకు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి పంపమని సంపాదకవర్గం వారు కోరారు. పెన్షను నిబంధనల గురించి, కరవు భత్యం బకాయిల గురించి, ఆరోగ్య కార్డుల గురించి నాకంటే బాగా వ్రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నాకు కాస్తో కూస్తో తెలిసిన విషయాన్నే ఎన్నుకున్నాను. అది పసిపిల్లల చదువు. 1968లో అనంతపురం జిల్లాలోని ఒక పంచాయతీ సమితి పాఠశాలలో సెకండరీ గ్రేడు ఉపాధ్యాయుడిగా చేరి, 2004లో ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. ఆ ముప్ఫై ఆరేళ్ళలో ఎక్కువ భాగం ఒకటి, రెండు తరగతుల పిల్లల మధ్యనే గడిచింది.

ఈ విషయం ఇప్పుడు ఎందుకంటారా? మనలో చాలామందిమి ఇప్పుడు మనుమలను, మనుమరాళ్ళను చూసుకుంటూ కాలక్షేపం చేస్తున్నాం. కొడుకు, కోడలు ఉద్యోగాలకు వెళితే సాయంత్రం పలక ముందు, పుస్తకం ముందు పిల్లవాణ్ణి కూర్చోబెట్టే బాధ్యత తాతయ్యది, నానమ్మది. నెలవారీ సమావేశాలలో టీ తాగుతున్నప్పుడు "మావాడు ఉత్త మొద్దు సార్, పక్కింటి పిల్ల యు.కె.జి.లోనే గడగడా చదివేస్తోంది" అనే మాట తరచు వింటున్నాను. ఐదేళ్ళు నిండని పిల్లవాడికి ఈ బిరుదు ఎవరిచ్చారు? ఎప్పటి నుండి ఇస్తున్నారు? దీనికి ఒక చరిత్ర ఉంది. అదే ఈ వ్యాసం.

పిల్లలందరూ ఒకే వేగంతో, ఒకే విధంగా నేర్చుకోరన్న సంగతి నిన్నమొన్న విదేశాల నుండి వచ్చిన కొత్త మాట కాదు. మన పాత బడులకు అది తెలుసు. కాని ఆ బడులలో చోటు దొరికింది కొద్దిమందికే. తరువాత అందరి కోసం బడి తలుపులు తెరిచాం. ఆ సందడిలో ఒక్కొక్క పిల్లవాణ్ణి విడిగా చూడడం మరచిపోయాం. ఈ రెండింటినీ ఒకచోట చేర్చడానికే గడచిన వందేళ్ళుగా ఎందరో పాటుపడుతున్నారు.

వీధిబడి

1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో, దేశీయ పాఠశాలల వివరాలు సేకరించి పంపమని జిల్లా కలెక్టర్లను ఆదేశించాడు. బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక వాటిలో చాలా ప్రసిద్ధమైనది. నేటి అనంతపురం ప్రాంతం ఆనాడు బళ్ళారి జిల్లాలోనే ఉండేది. 1882లో గాని అనంతపురం వేరే జిల్లా కాలేదు. కాబట్టి ఆయన వర్ణించిన బడులు మా తాతముత్తాతల బడులే.

ఆయన లెక్క ప్రకారం జిల్లా జనాభా 9,27,857. బడులు 533. అందులో తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. విద్యార్థులు 6,641 మంది. అంటే బడికి సగటున పన్నెండు మంది.

పిల్లవాడికి ఐదో ఏడు రాగానే అయ్యవారు, తక్కిన విద్యార్థులు కలిసి వాళ్ళ ఇంటికే వెళ్ళేవారు. వినాయకుడి ముందు కూర్చోబెట్టి, బియ్యంలో పిల్లవాడి వేలు పట్టి దేవుడి పేరు వ్రాయించేవారు. మర్నాటి నుండి బడి. తెల్లవారి ఆరు గంటలకే బడి మొదలు. అందరికంటే ముందు వచ్చిన వాడి అరచేతిలో సరస్వతి పేరు వ్రాసేవారు. ఆలస్యంగా వచ్చిన వాడికి బెత్తం దెబ్బలు. అల్లరి చేసినా, చదవకపోయినా చేతులు కట్టి పైకప్పుకు వేలాడదీసే శిక్ష కూడా ఉండేదని కాంప్‌బెల్ వ్రాశాడు. మన పెద్దలు చెప్పిన 'కోదండం' అదే. గుంజీళ్ళు సరేసరి. కనుక పాత బడి అంతా బంగారమని నేను అనడం లేదు.

అయితే ఆ నివేదికలో ఒక్క వాక్యం దగ్గర నేను ఎప్పుడూ ఆగుతాను. బడిలో సాధారణంగా నాలుగు తరగతులు ఉంటాయనీ, పిల్లవాడు తన శక్తిని బట్టి, తన ప్రగతిని బట్టి ఒక తరగతి నుండి మరొక తరగతికి వెళతాడనీ ఆయన వ్రాశాడు. అంటే వయస్సు లెక్క కాదు, క్యాలెండరు లెక్క కాదు. గుణింతం వచ్చిన వాడు ముందుకు సాగుతాడు, రాని వాడు ఇంకొన్నాళ్ళు ఇసుకలో దిద్దుతాడు. ముందు నేర్చిన పిల్లలు వెనుక వచ్చిన పిల్లలకు చెప్పాలి. చెప్పడం వల్ల వాళ్ళ చదువూ గట్టిపడుతుంది. ఈ పద్ధతిని కాంప్‌బెల్ మనసారా మెచ్చుకున్నాడు.

మా నాన్నగారు చిన్నతనంలో అటువంటి అరుగు బడిలోనే ఓనమాలు దిద్దారు. ఒకే అరుగు మీద ఒకడు అక్షరాలు, ఒకడు ఎక్కాలు, ఒకడు శతక పద్యాలు చదివేవారట. ఎవరి పాఠం వారిది. అయ్యవారు అందరినీ ఒక కంట కనిపెడుతూనే ఉండేవారట.

ఇక రెండో వైపు చూద్దాం. ఆ 6,641 మందిలో ఆడపిల్లలు 60 మంది. జనాభాలో వెయ్యికి ఏడుగురైనా బడిలో లేరని కాంప్‌బెల్ బాధపడ్డాడు. ఒక్కొక్కరినీ చూసే కన్ను ఆ బడికి ఉంది. కాని ఆ కంటి ముందుకు రాగలిగింది కొందరే.

మద్రాసు నుండి లండనుకు

ఈ నివేదిక కంటే చాలా ముందే ఒక విచిత్రం జరిగింది. 1789లో ఆండ్రూ బెల్ అనే మతాచార్యుడు మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడయ్యాడు. ఒకనాడు వీధిబడి పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుతుంటే చూశాడు. తన ఆశ్రమంలోనూ అలా చేయించబోతే అక్కడి ఉపాధ్యాయులు సహకరించలేదు. అప్పుడు జాన్ ఫ్రిస్కెన్ అనే ఎనిమిదేళ్ళ కుర్రవాణ్ణి చిన్న పిల్లలకు ఉపాధ్యాయుడిగా నియమించాడు. అది బాగా పనిచేసింది. 1797లో లండనులో పుస్తకం అచ్చు వేశాడు. 'మద్రాసు పద్ధతి' అన్న పేరుతో అది ఇంగ్లండంతా పాకింది.

అక్కడ దాని గుణం మారిపోయింది. అదే కాలంలో జోసెఫ్ లాంకాస్టర్ కూడా ఇటువంటి పద్ధతినే నడిపాడు. పెద్ద హాలులో వందల మంది పిల్లలు, ఒక్క ఉపాధ్యాయుడు, వరుసకొక పెద్ద పిల్లవాడు, గంట కొడితే అందరూ ఒకేసారి లేవడం, ఒకేసారి వ్రాయడం. మన అరుగు మీద పన్నెండు మంది ఉన్నప్పుడు తోటివాడి సహాయంగా ఉన్నది, అక్కడ తక్కువ ఖర్చుతో ఎక్కువ మందిని అదుపులో పెట్టే ఉపాయం అయింది. పద్ధతి ఒకటే అయినా, దాని వెనుక ఉద్దేశం మారితే ఫలితం మారుతుందనడానికి ఇది మంచి ఉదాహరణ.

తరగతి, పరీక్ష, గ్రాంటు

1854 నాటి వుడ్ నివేదన తరువాత ప్రైవేటు బడులకు ప్రభుత్వ గ్రాంటులు వచ్చాయి. 1860ల నుండి మద్రాసు రాజధానిలో ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి అమలయింది. ఇన్‌స్పెక్టరు వచ్చి ప్రతి పిల్లవాణ్ణీ చదవడం, వ్రాయడం, లెక్కలలో పరీక్షిస్తాడు. ఇంతమంది ప్యాసయితే ఇంత సొమ్ము.

మనమంతా ఉద్యోగులుగా పనిచేసిన వాళ్ళమే. లక్ష్యాలు పెట్టి డబ్బు ముడిపెడితే కిందిస్థాయిలో ఏం జరుగుతుందో వివరించనక్కరలేదు. ఇన్‌స్పెక్టరు అడిగే పాఠాన్ని పిల్లలు వల్లె వేశారు. నెమ్మదిగా నేర్చుకునే పిల్లవాడు అయ్యవారి రాబడిలో కోత అయ్యాడు. ఇక్కడే, నా దృష్టిలో, 'మొద్దు' అన్న మాటకు సర్కారు ముద్ర పడింది. అంతకు ముందు ఆ మాట లేదని కాదు. ఉన్నది గాని, దానికి రిజిస్టరులో గడి లేదు.

న్యాయంగా మరొక మాట కూడా చెప్పాలి. తరగతి గది, ముద్రిత వాచకం, శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు, ఇవన్నీ ఉండబట్టే ఎప్పుడూ అరుగు ఎక్కని కులాల పిల్లలు, ఆడపిల్లలు బడికి రాగలిగారు. ఆలస్యంగానైనా వచ్చారు. నేను మొదటి తరగతిలో చేర్చుకున్న ఎందరో పిల్లలు వాళ్ళ వంశంలో తొలిసారి పలక పట్టినవారు. అందరికీ ఒకే తరగతి, ఒకే పాఠం అన్న ఏర్పాటుకు ఈ గౌరవం ఇవ్వాలి. ఫలితాల గ్రాంటు 20వ శతాబ్దం తొలి సంవత్సరాలలో రద్దయింది. అలవాటు మాత్రం రద్దు కాలేదు.

గిడుగు వారి సవర బడులు

వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా గిడుగు రామమూర్తి పంతులు గారిని అందరం ఎరుగుదుం. పసిపిల్లల చదువుకు వారు చేసిన మేలు తక్కువమందికి తెలుసు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉన్నప్పుడు వారు కొండలలోని సవరల భాష నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు తయారు చేశారు. సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టించారు. తరువాత సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు కూడా కూర్చారు.

దీని అర్థం ఎంత పెద్దదో ఆలోచించండి. కొండ మీది నుండి వచ్చిన పిల్లవాడు తెలుగు వాచకం ముందు నోరు విప్పకపోతే, వాడికి చదువు రాదని అనడం సులువు. వాడికి రానిది చదువు కాదు, మన భాష అని గిడుగు వారు గుర్తించారు. సుమారు వందేళ్ళ తరువాత, 2003-04 ప్రాంతంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, గోండి, కోయ, కొలామి, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒరియా అనే ఎనిమిది భాషలలో గిరిజన పిల్లలకు తొలి చదువు చెప్పే కార్యక్రమం చేపట్టింది. పంతులు గారు వేసిన బాటే అది.

వైద్యులు చూసిన పిల్లలు

యూరపులో ఈ మార్పు బడి నుండి రాలేదు, వైద్యశాల నుండి వచ్చింది. 1800లో ఫ్రాన్సులో అడవిలో దొరికిన మాటలు రాని బాలుడికి ఇటార్ అనే వైద్యుడు ఓపికగా చదువు చెప్పబూనాడు. ఆయన శిష్యుడు సెగ్విన్ బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల కోసం చేతితో తాకి, పట్టుకొని నేర్చుకునే సాధనాలు తయారు చేశాడు. 1896లో బ్రిటనులో ప్రింగిల్ మోర్గాన్ అనే వైద్యుడు పద్నాలుగేళ్ళ బాలుడి గురించి వ్రాశాడు. ఆ బాలుడు తెలివైనవాడు, లెక్కలలో చురుకు, కాని అక్షరాలు కూడబలుక్కోలేడు. పాఠమంతా నోటితోనే చెబితే బడిలో వాడే మొదటివాడు అవుతాడని వాళ్ళ ఉపాధ్యాయుడే అన్నాడట. ఈనాడు మనం డిస్‌లెక్సియా అంటున్న ఇబ్బందిని గురించి వచ్చిన తొలి వివరణలలో అది ఒకటి.

అదే 1896లో రోములో మరియా మాంటిస్సోరి వైద్య పట్టా పుచ్చుకున్నారు. ఆమె ముందుగా పనిచేసింది ఎదుగుదల లోపం ఉన్న పిల్లలతోనే. వాళ్ళు సెగ్విన్ సాధనాలతో చక్కగా నేర్చుకుంటుంటే ఆమెకు ఒక ప్రశ్న వచ్చింది. వీళ్ళు ఇంత నేర్చుకోగలిగినప్పుడు, మామూలు బడులలో ఆరోగ్యంగా ఉన్న పిల్లలు ఎందుకు వెనకబడి ఉన్నారు? 1907 జనవరి 6న రోములోని సాన్ లొరెంజో అనే పేదల పేటలో ఆమె మొదటి 'బాలల గృహం' తెరిచారు. ఎవరికి కావలసిన వస్తువు వారు తీసుకోవచ్చు, తృప్తి తీరేదాకా దానితోనే ఉండవచ్చు. గరుకు కాగితంతో చేసిన అక్షరాల మీద పిల్లలు వేలితో దిద్దుతారు. ఇసుకలో దిద్దిన మనకు ఆ సంగతి కొత్తగా తోచదు.

1939 నవంబరులో దివ్యజ్ఞాన సమాజం వారి ఆహ్వానం మీద ఆమె మద్రాసు అడయారు వచ్చారు. మొదటి శిక్షణకు దేశం నలుమూలల నుండి సుమారు 300 మంది హాజరయ్యారు. 1940 జూనులో ఇటలీ యుద్ధంలో దిగడంతో బ్రిటిష్ ప్రభుత్వం ఆమె కుమారుడు మారియోను నిర్బంధించింది. ఆమెకు డెబ్బయ్యో పుట్టినరోజు కానుకగా 1940 ఆగస్టు 31న అతణ్ణి విడిచిపెట్టింది. యుద్ధకాలంలో ఆమె కొడైకెనాల్‌లో రెండేళ్ళు ఉన్నారు. అక్కడ వేర్వేరు వయస్సుల పిల్లలు ఒకేచోట నేర్చుకున్నారు. రెండు మూడు నెలలు ఉందామని వచ్చిన మనిషి 1946 వరకు ఉండిపోయారు.

ఇప్పుడు మన పట్టణాలలో 'మాంటిస్సోరి' అన్న బోర్డు లేని వీధి లేదు. లోపలికి వెళితే మూడేళ్ళ పిల్లలు బల్లల ముందు వరుసగా కూర్చొని కాపీ వ్రాస్తుంటారు. పేరుకు, పనికి ఇంత దూరం ఆమె చూసి ఉంటే ఏమనేవారో!

గిజుభాయి, తారాబాయి

ఈ పద్ధతిని మన నేలకు తగినట్లు మలచినవారు గుజరాతు వకీలు గిజుభాయి బధేకా. తన కుమారుడి చదువు గురించి ఆలోచిస్తూ ఆయన న్యాయవాద వృత్తి వదిలారు. 1920లో భావనగరులో దక్షిణామూర్తి బాలమందిరం స్థాపించారు. ఖరీదైన సాధనాల చోట స్థానిక వస్తువులు పెట్టారు. కథ, పాట, ఆట చేర్చారు. దెబ్బను పూర్తిగా తీసేశారు. ఆయన 'దివాస్వప్న' పుస్తకం 'పగటి కల' పేరుతో తెలుగులోనూ వచ్చింది. చదవని మిత్రులు తప్పక చదవాలి. ఆయన 1939లోనే, మాంటిస్సోరి మన దేశంలో అడుగుపెట్టడానికి కొద్ది నెలల ముందు కన్నుమూశారు.

ఆయన సహచరిణి తారాబాయి మోదక్ 1945లో మహారాష్ట్ర తీరంలోని బోర్డీకి వెళ్ళారు. తరువాత అనుతాయి వాఘ్‌తో కలిసి కోస్‌బాడ్ కొండ ప్రాంతంలో ఆదివాసీ పిల్లలతో పనిచేశారు. పిల్లలు బడికి రాకపోతే బడినే వాళ్ళ వాకిటికి తీసుకువెళ్ళారు. అంగణంలో నడిచే ఆ బడికి పెట్టిన పేరే 'అంగన్‌వాడీ'. 1975 అక్టోబరు 2న కేంద్ర ప్రభుత్వం సమగ్ర శిశు అభివృద్ధి పథకాన్ని 33 ప్రాజెక్టులతో ఆరంభించినప్పుడు ఆ పేరే దేశమంతటా నిలిచింది. మన ఊళ్ళలో మూడు నుండి ఆరేళ్ళ పేద పిల్లలకు తొలి బడి నేటికీ అదే.

ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం

మన సంఘంలోని ఉపాధ్యాయ మిత్రులకు 'ఎ.పి.పి.ఇ.పి.' అనే ఐదక్షరాలు గుర్తుండే ఉంటాయి. బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో 1980లలో కొన్ని జిల్లాలలో ప్రయోగంగా మొదలై, 1989 నుండి 1996 వరకు రాష్ట్రమంతటా నడిచింది. దానికి ఆరు సూత్రాలు. ఉపాధ్యాయుడు స్వయంగా కృత్యాలు కల్పించడం, పిల్లలు చేసి, కనిపెట్టి నేర్చుకోవడం, వ్యక్తిగత, జట్టు, మొత్తం తరగతి పనులు మూడూ ఉండడం, పిల్లలలోని వైయక్తిక భేదాలను గమనించి తగిన అవకాశం ఇవ్వడం, స్థానిక పరిసరాలను ఉపయోగించడం, పిల్లల పనిని తరగతి గదిలో ప్రదర్శించడం. నెలల తరబడి శిక్షణలు, ఉపాధ్యాయ కేంద్రాలలో సమావేశాలు జరిగాయి. నేనూ వాటిలో పాల్గొన్నాను.

ఈ ఆరింటిలో చివరిది అన్నింటికంటే సులువుగా అమలయింది. తాళ్ళు కట్టి బొమ్మలు తగిలించాం. మా బడికి వచ్చిన తనిఖీ అధికారి ఒకాయన తాడుకు ఎన్ని కాగితాలు వేలాడుతున్నాయో లెక్కపెట్టి, పుస్తకంలో వ్రాసుకొని, పిల్లలతో ఒక్క మాటైనా మాట్లాడకుండా జీపు ఎక్కారు. అన్నింటికంటే కష్టమైనది వైయక్తిక భేదాల సూత్రం. ఇద్దరు ఉపాధ్యాయులం, ఐదు తరగతులు. నా ఎదుట ఒకటి, రెండు తరగతులు కలిపి అరవై రెండు మంది. ఒక్కొక్కరి దగ్గర రెండు నిమిషాలు కూర్చుంటే రెండు గంటలు దాటుతుంది.

అయినా ఆ సూత్రం నా కళ్ళు తెరిపించిందని చెప్పగలను. గొర్రెల కాపరుల ఇంటి పిల్లవాడొకడు ఉండేవాడు. పలక మీద పన్నెండు వ్రాయమంటే ఇరవై ఒకటి వ్రాసేవాడు. అదే పిల్లవాడు సాయంత్రం మంద తిరిగి వచ్చేటప్పుడు ఒక్క చూపుతో ఏ గొర్రె తగ్గిందో చెప్పేవాడు. చింతపిక్కలు తెప్పించి, పదేసి కుప్పలు పెట్టించి, "ఇది ఒక మంద, ఇవి విడి గొర్రెలు" అని చెబితే నెల తిరగకుండా రెండంకెల లెక్కలు వాడికి పట్టుబడ్డాయి. మరొక పిల్ల ఎప్పుడూ మాట్లాడేది కాదు. అందరూ మూగి అనేవారు. వెనుక నుండి పిలిచి చూస్తే తెలిసింది, ఆ పిల్లకు ఒక చెవి సరిగా వినబడదు. ముందు వరసలో, మంచి చెవి నా వైపు ఉండేలా కూర్చోబెట్టాం. ఇవి గొప్ప పనులు కావు, ఖర్చు కూడా లేదు. చూడడం మాత్రం కావాలి. చూడడానికి సమయం కావాలి. ఆ సమయం ఎలా దొరుకుతుందన్నదే అప్పటి సమస్య.

రిషివ్యాలీ నిచ్చెన

ఈ సమస్యకు ఒక జవాబు మా పక్కనే, మదనపల్లె దగ్గర దొరికింది. జిడ్డు కృష్ణమూర్తి గారి ఆలోచనలతో నడిచే రిషివ్యాలీ విద్యాసంస్థ చుట్టుపక్కల పల్లెలలో ఏకోపాధ్యాయ బడులు నెలకొల్పింది. వాటి కోసం పద్మనాభరావు గారు, రమ గారు అనే దంపతులు ఒక ఏర్పాటు రూపొందించారు. 'పెట్టెలో బడి' అని దానికి పేరు. 1990ల చివర మేము కొందరం వెళ్ళి చూసి వచ్చాం.

అక్కడ వాచకాన్ని చిన్న చిన్న మజిలీలుగా విడగొట్టారు. ప్రతి మజిలీకి కొన్ని కార్డులు. మొదట పరిచయం, తరువాత ఆటలు, అభ్యాసం, ఆ తరువాత తనను తాను పరీక్షించుకోవడం. రానివారికి మళ్ళీ అభ్యాసం, వచ్చినవారికి అదనపు పని. కార్డు మీద ఏదో ఒక గుర్తు బొమ్మ ఉంటుంది. గోడ మీద నిచ్చెన లాంటి పటం. పిల్లవాడు నిచ్చెన మీద తను ఎక్కడ ఉన్నాడో చూసుకొని, ఆ కార్డు తానే తెచ్చుకొని, దాని గుర్తును బట్టి ఒక జట్టులో కూర్చుంటాడు. ఒక జట్టుకు ఉపాధ్యాయుడు పూర్తిగా తోడుంటాడు. ఒక జట్టుకు కొంత సాయం చేస్తాడు. ఒక జట్టులో తోటి పిల్లలే చెప్పుకుంటారు. ఒక జట్టులో ఎవరి పని వారిది. దీనివల్ల ఒక్క ఉపాధ్యాయుడికి కూడా నిజంగా అవసరమైన నలుగురైదుగురి దగ్గర కూర్చునే వ్యవధి దొరుకుతుంది.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మరొకటి. వేరుశెనగ కోతలకో, జ్వరం వల్లనో పది రోజులు బడి మానిన పిల్లవాడు తిరిగి వచ్చి, తను వదిలిన మెట్టు మీదనే నిలబడి మళ్ళీ మొదలుపెడతాడు. మా బడులలో అటువంటి పిల్లవాడికి పాఠం దాటిపోయేది. దాటిపోయిన పాఠం మీద మరొక పాఠం. చివరకు బడే మానేసేవాడు.

ఈ పద్ధతి 1995లో మైసూరు జిల్లా హెచ్.డి. కోటెలో 'నలి కలి'గా మొదలై కర్ణాటకలో విస్తరించింది. 2003లో చెన్నై నగరపాలక బడులకు, 2007 నాటికి తమిళనాడు ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు వెళ్ళింది. మన రాష్ట్ర పల్లెలలో పుట్టిన ఆలోచన పక్క రాష్ట్రాలలో లక్షల మంది పిల్లలకు చేరింది. తోటి పిల్లవాడు చెప్పడం, శక్తిని బట్టి ముందుకు సాగడం అనే రెండూ కాంప్‌బెల్ చూసిన అరుగు మీదివే. తేడా ఏమిటంటే ఈ బడి తలుపు అందరికీ తెరిచి ఉంది.

చట్టాలు ఏమంటున్నాయి

దివ్యాంగులైన పిల్లలను మామూలు బడులలో చేర్చుకొని చదివించే పథకాన్ని కేంద్రం 1974లో తెచ్చింది. బుద్ధిమాంద్యం ఉన్నవారి కోసం జాతీయ సంస్థ 1984లో సికింద్రాబాదులో ఏర్పడింది. 1995లో వికలాంగుల చట్టం వచ్చింది. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ ఆరేళ్ళ లోపు పిల్లల సంరక్షణ, విద్య ప్రభుత్వ ధ్యేయమని 45వ అధికరణంలో చేర్చింది. 2009 విద్యాహక్కు చట్టం, బడిలో చేర్చుకునేటప్పుడు పిల్లవాడికి గాని తల్లిదండ్రులకు గాని వడపోత పరీక్షలు పెట్టకూడదన్నది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. చదవడం, వ్రాయడం, లెక్కలలో ప్రత్యేక ఇబ్బంది కూడా వాటిలో ఉంది. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుండి ఎనిమిదేళ్ళ వయస్సును ఒకే పునాది దశగా లెక్కించింది. 2021లో నిపుణ్ భారత్ కార్యక్రమం, 2022లో తెలంగాణలో 'తొలిమెట్టు' వచ్చాయి.

కాగితం మీద మనం చాలా దూరం వచ్చాం. నేలమీద సంగతి వేరు. మా బంధువుల పిల్లవాణ్ణి, మూడున్నరేళ్ళవాణ్ణి, ఒక పేరుగల బడిలో చేర్చబోతే, పెన్సిలు సరిగా పట్టలేదని, అడిగిన రంగు పేరు ఇంగ్లీషులో చెప్పలేదని తిప్పి పంపారు. వాడు ఇంటికి వచ్చి "నేను ఫెయిలయ్యాను" అన్నాడు. మూడున్నరేళ్ళవాడికి ఆ మాట తెలిసి ఉండడమే నాకు బాధ కలిగించింది.

మన వంతు

మనకు కరవు భత్యం అందరికీ ఒకే శాతం పెరుగుతుంది. పిల్లలకు చదువు అలా పెరగదు. తల్లిదండ్రులకు తీరిక లేదు, ఉపాధ్యాయుడికి మంది ఎక్కువ. వారిద్దరి దగ్గరా లేని కాలం మన దగ్గర ఉంది. కాబట్టి అనుభవం మీద కొన్ని మనవులు.

పిల్లవాడు వెనుకబడ్డాడనిపిస్తే ముందు చెవి, కన్ను చూపించండి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలలో, ప్రభుత్వ బడులలో పిల్లలకు ఉచిత పరీక్షలు ఉన్నాయి. ఎదుగుదల లోపాలకు జిల్లా స్థాయిలో సత్వర చికిత్సా కేంద్రాలు ఏర్పాటయ్యాయి. మాటలు ఆలస్యమైతే "మా వంశంలో అందరికీ ఆలస్యమే" అని ఊరుకోకండి. చిన్న వయస్సులో గుర్తిస్తే మేలు ఎక్కువ.

ఐదేళ్ళ లోపు పిల్లల చేత పెన్సిలుతో పేజీలు నింపించకండి. బియ్యంలో, ఇసుకలో వేలితో దిద్దనివ్వండి. చిక్కుడు గింజలు, గవ్వలు లెక్కపెట్టనివ్వండి. రోజూ ఒక కథ చెప్పండి. అడిగితే అదే కథ మళ్ళీ చెప్పండి. అక్షరం రాని పిల్లవాడికి వేరే ఏది బాగా వస్తుందో కనిపెట్టి, ఆ దారినే అక్షరం దగ్గరకు తీసుకురండి. పక్కింటి పిల్లతో పోల్చకండి. నిన్నటి వాడితో నేటి వాడిని పోల్చండి.

ఇక సంఘానికి ఒక ప్రతిపాదన. మన యూనిట్లలో ప్రతి ఊరికీ ఒక అంగన్‌వాడీ ఉంది. ఒక్క కార్యకర్త, చుట్టూ పాతిక ముప్ఫై మంది పిల్లలు. నడవగలిగిన సభ్యులు వారానికి ఒక పూట, కార్యకర్త అనుమతితో, వెళ్ళి కూర్చొని నలుగురు పిల్లలకు కథ చెప్పినా, వాళ్ళు చెప్పేది విన్నా, ఆ నలుగురినీ ఆ పూట ఒకరు విడిగా చూసినట్లవుతుంది. విశ్రాంత ఉపాధ్యాయులే కానక్కరలేదు. రెవెన్యూవారు, పోస్టలువారు, ఆర్.టి.సి.వారు అందరూ పనికివస్తారు. బస్సుల కథ చెప్పే కండక్టరు తాతయ్య దొరికితే పిల్లలు వదలరు.

ఈ విషయాన్ని వచ్చే సర్వసభ్య సమావేశం ఎజెండాలో చేర్చవలసిందిగా కార్యదర్శి గారిని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.